పాటలపెట్టె కింద బల్ల

జూన్ 3

పాపాయికి,

నేను, మీ మామయ్యని, రాస్తున్నాను. ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆదివారం నువ్వు ఫోనులో అడిగిన పని గురించే ఇది.

పని నాకు నచ్చింది. వర్క్‌షాపు మూసేసి ఏడాదిన్నర అయినా చేతి రంపాలు, ఉలులు, రెండు చిత్రికలు నా దగ్గరే ఉన్నాయి. పోయినవి పెద్ద మిషన్లే. నువ్వు చెప్పినట్టే స్టోరుకి బీరువా గీశాను. ఆరడుగుల ఎత్తు, అయిదు అరలు. కింది అర లోతుగా ఉంచాను, పిండి డబ్బాలూ నూనె క్యాన్లూ పడతాయి. తలుపులకి సన్నటి జాలీ వేస్తాను. నువ్వు దుమ్ము, దుమ్ము అని రెండుసార్లు అన్నావు గానీ సరుకులకి దుమ్ముకన్నా ఎలక ప్రమాదం.

ఒక్క సంగతి మాత్రం అర్థం కాలేదు. ఇద్దరు మనుషులకి ఇంత స్టోరు ఎందుకు? ఇంట్లోకి మూడో మనిషి ఎవరైనా రాబోతున్నారా? అడగకూడదేమో. అడిగేశాను.

ఇక్కడ అంతా మామూలే. పక్కవాటా టైలరు నా పెద్ద బల్ల మీదే బట్ట కత్తిరించుకుంటున్నాడు. బల్ల ఖాళీగా ఉంటే దానికీ బెంగే కదా అని ఊరుకున్నాను. గోడ కొలతలు రాసి పంపు. అల్లుణ్ణి అడిగానని చెప్పు.

మీ మామయ్య

జూన్ 9

మామయ్యా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. బస్సుల వేళలు రాసుకోవలసిన మనిషి కాగితం చేత్తో పట్టుకుని ఒంటరిగా నవ్వుతుంటే మా సూపరింటెండెంటు వచ్చి ఏమైందని అడిగాడు. చెప్పాక ఆయనా నవ్వాడు.

స్టోరు కాదు మామయ్యా, స్టీరియో. పాటలు వినే సామాను. మూడో మనిషి ఎవరూ రావడం లేదు, వచ్చిన సామానుకే చోటు లేదు. మా ఆయన ఎనిమిదేళ్ళుగా ఒక్కొక్కటీ పోగేశాడు. పోయిన నెల ఆఖరిది వచ్చింది. రోజంతా ల్యాబులో పదిమంది రక్తం పరీక్ష చేసే మనిషికి సాయంత్రం ఓ గంట పాట కావాలంటే నేనూ కాదనను. కానీ ఇల్లు చూడు.

ఆంప్లిఫయరు, అంటే శబ్దాన్ని పెంచే పెట్టె, నా కుట్టుమిషను మీద ఉంది. అది వేడెక్కుతుంది, అంచేత మిషను మీద గుడ్డ కూడా కప్పనివ్వడు. టర్న్‌టేబుల్ సూటుకేసు మీద ఉంది. నాకు చీర కావాలంటే దాన్ని రోగిని మంచం మీంచి దించినట్టు దించాలి. మూరెడేసి ఎత్తున్న స్పీకర్లు రెండింటిలో ఒకటి కుర్చీ మీద, ఒకటి ముక్కాలి పీట మీద. పాట ఒక పక్కకి ఒరిగి వినిపిస్తోందని రోజూ గొణుగుతాడు. రికార్డులు చెప్పుల స్టాండులోకి వచ్చాయి. చెప్పులు కిటికీలోకి వెళ్ళాయి. కుర్చీ పోయింది కనక వంతులవారీగా కూర్చుని తింటున్నాం.

తగువల్లా ఒకటే. నాకు తలుపులున్న బీరువా కావాలి. దుమ్ము పడకూడదు, ఆ వైర్లు కనబడకూడదు. ఆయనకి తలుపులు వద్దు. పెట్టెకి ఊపిరాడదట. మామయ్య ఏం చెబితే అదే అని ఇద్దరం ఒప్పుకున్నాం. తీర్పు నీదే.

ఫోనులో అన్నిటికీ సరే, సరే అని పెట్టేశావు. నా మీద కోపం లేదు కదా?

పాపాయి

జూన్ 15

పాపాయికి,

స్టోరు బొమ్మ చించేశాను. ఆ రోజు లైను బాగాలేదు. మా వీధిలో గొయ్యి తవ్వుతున్నారు, ఫోను తీగలన్నీ బయటికి వచ్చి ఉన్నాయి. ఇక ఏదైనా ఉత్తరంలోనే రాయి. కొలతలు ఫోనులో చెబితే తప్పులు దొర్లుతాయి. నలభై ఏళ్ళ పనిలో నేను నేర్చుకున్నది అదే.

తీర్పు ఇప్పుడే ఇవ్వను. ముందు ఇవి రాయి: గోడ పొడవు, కిటికీ ఎంత దూరం, ప్లగ్గు ఎక్కడ, ఒక్కో పెట్టె పొడవు వెడల్పు, బరువు. నేల గచ్చా, చెక్కా, పలకలా? రికార్డులు ఎన్ని? వాటిని నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంగిపోతాయని మా పాత గిరాకీ ఒకాయన చెప్పేవాడు. నిలబెడితే మాత్రం ఇటుకలంత బరువు. సన్నటి అర అయితే నడుం వాలిపోతుంది.

టర్న్‌టేబుల్ గురించి నువ్వేమీ బెంగపడకు. అలాంటివి నేను ఇంతకుముందు చేశాను. గడియారాల కొట్టువాడికి ఒకటి, కేకుల కొట్టువాడికి ఒకటి. లోపల గోళీల చక్రం వేస్తే చిటికెన వేలితో తిరుగుతుంది. సూటుకేసు మీద పెట్టుకున్న పాతదాన్ని తీసి పారెయ్యండి.

మీ మామయ్య

జూన్ 24

మామయ్యా,

కొలతలు వేరే కాగితం మీద ఉన్నాయి. మా ఆయన స్వయంగా కొలిచాడు, మిల్లీమీటర్లలో రాశాడు. నవ్వకు. ల్యాబు అలవాటు. నేల మీద పలకలు పరిచి ఉన్నాయి. పాతదాన్ని పారెయ్యమన్నావని చెబితే ఆయన ముఖం పాలిపోయింది. నేనే ఏదో సర్దిచెప్పాను.

ఆదివారం ఫర్నిచరు కొట్టుకి వెళ్ళాం. నీకు శ్రమ ఇవ్వకుండా ఏదైనా దొరుకుతుందేమోనని. తప్పయితే క్షమించు. మూడంతస్తుల కొట్టు, లోపల అంతా కొత్త రంగు వాసన. మా ఆయన ప్రతి అరనీ డాక్టరు రోగి ఛాతీ మీద తట్టినట్టు తట్టి, చెవి ఆనించి విన్నాడు. సేల్స్‌మను మా వెనకాలే తిరుగుతూ, ఇది టీవీకి సార్, ఇది పుస్తకాలకి సార్ అంటూనే ఉన్నాడు. ఒకటి అద్దాల అరలది. తడితే గాజులు కదిలినట్టు మోగింది. ఇంకొకటి పొట్టు అతికించిన చెక్క. మూల పట్టుకుని ఊపితే అటూ ఇటూ సలాం కొట్టింది. చివరికి నాకొకటి నచ్చింది. తెల్లటి తలుపులు, చక్కగా ఉంది. వెనక మూసేసిన రేకు ఉందని ఆయనకి నచ్చలేదు. అందరి ముందూ వాదించుకున్నాం. సేల్స్‌మను రెండు కుర్చీలు తెచ్చి వేశాడు. ఖాళీ చేతులతో ఇంటికొచ్చాం.

అప్పుడే నీకు మూడుసార్లు ఫోను చేశాను. రెండుసార్లు తియ్యలేదు. మూడోసారి తీసి, సరే పాపాయీ, ఉంటాను అని పెట్టేశావు. నేనింకా ఒక్క మాటైనా చెప్పలేదు.

నాకు తెలుసు ఎందుకో. నువ్వు వర్క్‌షాపు మూసిన రోజు అందరి ముందూ మామయ్యకి వయసైంది, ఇక కూర్చోవాలి అన్నాను. ఆ మాటకి నువ్వు తలెత్తి కూడా చూడలేదు. అప్పట్నించీ ఫోనులో నాతో నాలుగు మాటలు మాట్లాడింది లేదు. నిజానికి ఈ బల్ల పని నీకు చెప్పింది అందుకే. నీ చేతులకి వయసు రాలేదని నాకు తెలుసని నీకు తెలియాలి.

పాపాయి

జూలై 1

పాపాయికి,

కోపం లేదు. ఆ మాట ఇక వదిలెయ్యి.

చెక్క దొరికింది. ఇక్కడ పాత బడి ఒకటి కూలగొట్టారు. దాని తలుపులు తెచ్చాను. అరవయ్యేళ్ళు ఎండా వానా తిన్న చెక్క, ఇక వంగేదీ లేదు, చీలేదీ లేదు. చిత్రిక పట్టేముందు మేకులు ఏరడానికే రెండు రోజులు పట్టింది. ఒక తలుపు వెనక ఎవరో గుణకార పట్టిక చెక్కారు. ఏడో ఎక్కంలో తప్పుంది. ఆ ముక్క అట్టేపెట్టాను.

టర్న్‌టేబుల్ మాత్రం ముందే అయిపోయింది. గుండ్రంగా కోసి, అంచు నున్నగా అరగదీసి, మధ్యలో గోళీల చక్రం బిగించాను. వేలితో ఒక్క తోపు తోస్తే తొమ్మిది చుట్లు తిరుగుతోంది. టైలరు చూసి, మేస్త్రిగారూ, దీని మీద ఏం పెడతారని అడిగాడు. పాటల పెట్టె పెడతారట, అది తిరుగుతూ పాడుతుంది కాబోలు అన్నాను. అల్లుడు పాట వింటూ దాన్ని ఏ వైపు తిప్పుకుంటాడో కనుక్కో. కుడికైతే కుడికి, ఎడమకైతే ఎడమకి ఆపు బిగిస్తాను.

మీ మామయ్య

జూలై 8

మామయ్యా,

ముందు నవ్వు సంగతి. నీ ఉత్తరం పైకి చదివితే మా ఆయన నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. టర్న్‌టేబుల్ అంటే రికార్డు తిప్పే యంత్రం మామయ్యా. బల్ల కాదు. తిరగవలసింది రికార్డు ఒక్కటే. దాని కింద ఉన్నది వెంట్రుకవాసి కూడా కదలకూడదు. ఎవరైనా పక్కన గట్టిగా నడిస్తే సూది గెంతి పాట మధ్యలో ఇంకో పాట వస్తుంది. ఇది ముందే విడమరిచి రాయకపోవడం నా తప్పు. నువ్వు చేసిన గుండ్రటి పలక ఎంత అందంగా ఉందో చూడాలని ఉంది గానీ, దాని మీద ఇది పెడితే మా ఆయనకి గుండె ఆగిపోతుంది.

ఇక రెండోది. మంగళవారం మీ టైలరు మా బస్‌స్టేషనుకి వచ్చాడు. వాళ్ళ చెల్లెలి ఊరికి బస్సు ఎన్నింటికని అడగడానికి. నన్ను గుర్తుపట్టి పలకరించాడు. మాటల్లో మీ వీధిలో గొయ్యి పూడ్చారా అని అడిగాను. ఏ గొయ్యి అన్నాడు. తరవాత కాసేపు నసిగి, మీరు ఏమీ అనుకోనంటే చెబుతానని చెప్పాడు. వెనక నించి బండి హారను కొడుతుంటే నువ్వు పక్కకి తప్పుకోవట. తలుపు కొడితే తియ్యవట. అంచేత కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి ఊపుతాడట.

నేను ఆ తరవాత రెండు బస్సుల వేళలు తప్పు రాశాను.

మామయ్యా, నీకు వినబడటం లేదా? ఇంకేం రాయకపోయినా ఈ ఒక్కదానికీ జవాబు రాయి.

పాపాయి

జూలై 20

పాపాయికి,

వినబడటం లేదు.

ఈ మాట రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. రాశాక చూస్తే రెండే మాటలు.

ఒక్కరోజులో పోలేదు. రంపం మిషను పక్కన నలభై ఏళ్ళు నిలబడ్డాను. ముందు పిట్టల కూతలు పోయాయి. తరవాత చిన్నపిల్లల మాటలు పోయాయి. మీ అత్తయ్య ఉన్నన్నాళ్ళూ నా చెవి ఆవిడే. ఎవరేమన్నా నా వైపు తిరిగి, అదే మాట నెమ్మదిగా మళ్ళీ అనేది. అది నా కోసమని ఎదుటివాళ్ళకి తెలియనిచ్చేది కాదు. ఆవిడ పోయాక నాకు సరే అనే మాట ఒకటే మిగిలింది. దేనికైనా పనికొస్తుంది.

వర్క్‌షాపు వయసు వల్ల మూయలేదు. చిత్రిక మిషనులో చెక్క పోతున్నప్పుడు దాని శబ్దం మారితే లోపల మేకు ఉందని తెలుస్తుంది. ఎప్పుడూ నాకు తెలిసేది. ఆ రోజు తెలియలేదు. మేకు తగిలి బ్లేడు విరిగింది. ముక్క ఒకటి నా దగ్గర పాతికేళ్ళుగా పనిచేస్తున్న మేస్త్రి చెవి పక్కనించి పోయి గోడలో దిగింది. అతను వెళ్ళి ఆ ముక్క గోడలోంచి పీకాడు. మర్నాడే మూసేశాను. నువ్వు ఆ రోజు అందరి ముందూ ఏదో అన్నావని నీ ఉత్తరంలో చదివేదాకా నాకు తెలియదు. తలెత్తకపోవడానికి కారణం, వినకపోవడమే. ఇక కోపం ఎక్కడిది?

నీ పోయిన ఉత్తరం వచ్చినప్పుడు పని మానేద్దామనుకున్నాను. పాట వినలేనివాడు పాటకి బల్ల ఏం చేస్తాడు? మూడు రోజులు ఉలి ముట్టలేదు. నాలుగో రోజు రేడియో తీసి బడి తలుపు చెక్క మీద పెట్టి, గొంతు పూర్తిగా పెంచి, అరచెయ్యి పక్కన ఆనించాను. తెలిసింది పాపాయీ. చెక్కలోంచి చేతిలోకి వచ్చింది. ఎక్కడ బిగువుగా ఉందో, ఎక్కడ వదులుగా ఉండి చెక్క తనూ ఊగుతోందో అన్నీ తెలిశాయి. ఒక్కో ముక్కనీ అలాగే పరీక్షించాను. వీధి వీధంతా టైలరు దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేసిందట. నాకు చెబితే లాభం లేదని అందరికీ తెలుసని అప్పుడు అర్థమైంది.

ఇక తీర్పు. ఇద్దరూ సగం గెలిచారు. తలుపులు ఉంటాయి, సన్నటి చెక్క బద్దలతో, వాటి మధ్యలో వేలు పట్టని సందులతో. దుమ్ము చాలావరకు ఆగుతుంది, వేడి పోతుంది. వెనక పలక లేదు, వైర్లు అటే పోతాయి. స్పీకర్లు దీని మీద పెట్టకూడదు. వాటి ఊపు సూదికి తగులుతుంది. వాటికి వేరుగా రెండు స్టాండ్లు, ఎత్తు సరిసమానం. అల్లుడు కూర్చున్నప్పుడు చెవి నేలనించి ఎంత ఎత్తో కొలిచి పంపు. ఆయన మిల్లీమీటర్లు ఇక్కడ పనికొస్తాయి.

గుండ్రటి పలక టైలరు తీసుకున్నాడు. దారపు ఉండలు పెట్టుకుని తిప్పుకుంటున్నాడు.

మీ మామయ్య

ఆగస్టు 19

మామయ్యా,

నువ్వు నాలుగు రోజులు మా ఇంట్లో ఉండి వెళ్ళాక ఇల్లు పెద్దదైనట్టుంది. కుర్చీ తిరిగి వచ్చింది. నిన్న కుట్టుమిషను మీద గుడ్డ కప్పాను. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

ఇక్కడ ఉన్నప్పుడు నువ్వు వినని మాటలు కొన్ని ఉన్నాయి. అవి నీకు చేరాలని రాస్తున్నాను.

బల్లతో నువ్వు లారీ దిగిన రోజు నేల మీద బోర్లా పడుకుని పలకలన్నీ పిడికిలితో తట్టావు గుర్తుందా? పక్కింటావిడ తలుపు దగ్గర నిలబడి, మీ మామయ్యకి కళ్ళు తిరిగాయా, నీళ్ళు తేనా అని అడిగింది. నేను సమాధానం చెప్పేలోపు నువ్వు లేచి, ఇక్కడ కింద బోలు, బల్ల ఆ గోడకి మారుద్దాం అన్నావు. మా ఆయన అయిదేళ్ళుగా సూది గెంతుతోందని ఆ యంత్రాన్నే తిడుతున్నాడు. ఆ మూల పలక కింద సిమెంటు లేదని ఎవరికి తెలుసు?

తరవాత రసమట్టం పెట్టి, బుడగ నడిమధ్యకి వచ్చేదాకా కాళ్ళు సవరించి, మొదటి రికార్డు పెట్టించావు. అందరం మంచం మీద కూర్చున్నాం, నువ్వు మాత్రం నిలబడి ఒక్కో పెట్టె మీదా అరచెయ్యి పెడుతూ వచ్చావు. ఎడమ స్పీకరు దగ్గర ఆగావు. అప్పుడు నువ్వన్నది మాకందరికీ వినబడింది: "దీని లోపల ఏదో వదులైంది. పాటతో పాటు అదీ వణుకుతోంది." మా ఆయన లేచి విప్పి చూస్తే స్క్రూ ఒకటి సగం ఊడి వేలాడుతోంది. ఏడాదినించీ ఆ గరగర రికార్డులదనుకుని పదకొండు రికార్డులు మూలన పడేశాడు.

నువ్వు చేతులు కడుక్కోవడానికి వెళ్ళావు. అప్పుడు మా ఆయన నాతో నెమ్మదిగా అన్నాడు: "ఎనిమిదేళ్ళు నేను చెవులతో విన్నాను. ఈయన చేత్తో ఒక్కసారి విన్నాడు." నువ్వు వచ్చేసరికి మాట మార్చేశాడు. నీ ఎదురుగా అంటే బాగుండేది. అనడు. అలాంటి మనిషి.

ఆ పదకొండు రికార్డులూ రోజుకొకటి వింటున్నాం. తలుపు మూస్తే టక్కుమని చప్పుడు రాదు, మెత్తగా వచ్చి ఆగుతుంది. దాన్ని చూపించడానికే మనుషుల్ని పిలుస్తున్నాను. మా సూపరింటెండెంటు కూడా వచ్చి రెండుసార్లు తీసి మూశాడు.

ఒక పని మాత్రం నీ మీద ఉంది. మా ల్యాబు పక్కనే చెవి డాక్టరు ఉంది, నువ్వు వస్తావని ఆవిడకి ఎప్పుడో చెప్పి పెట్టాడు మా ఆయన. నువ్వు బస్సెక్కేముందు రోజు తీసుకెళ్ళాలనుకున్నాం. తీరా అడిగితే నువ్వు సరే, సరే, మా ఊళ్ళో చూపించుకుంటాను అన్నావు. ఆ సరే ఎలాంటిదో నాకిప్పుడు తెలుసు కనక నమ్మలేదు. మీ ఊళ్ళోనే మంచి డాక్టరు పేరు ఆవిడ దగ్గర రాయించి ఇందులో పెట్టాను. వెళ్ళు మామయ్యా. టైలరుని తోడు తీసుకెళ్ళు.

పాపాయి

సెప్టెంబరు 27

పాపాయికి,

వెళ్ళాను. టైలరు తోడొచ్చాడు. గదిలో కూర్చోబెట్టి చెవులకి ఏవో తగిలించి, శబ్దం వచ్చినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను నొక్కకుండా కూర్చుంటే టైలరు అద్దం అవతలనించి చెయ్యి ఊపుతున్నాడు. నువ్వు పేరు పంపిన డాక్టరమ్మ అతన్ని బయటికి పంపించింది.

చెవి మిషను వచ్చి తొమ్మిది రోజులైంది. చెవి వెనక చిక్కుడుగింజంత ఉంటుంది. అబద్ధం రాయను, పూర్వపు చెవి రాలేదు. మాటలు తెలుస్తున్నాయి. పాట ఇంకా రేకు డబ్బాలో వేసి ఊపినట్టుంది, అలవాటు కావడానికి నెలలు పడుతుందట. నా చెప్పుల చప్పుడు ఇంతుంటుందని తెలియదు. టైలరు కుట్టుమిషను భరించరానిది. ఇన్నేళ్ళూ హాయిగా బతికానని అతనితో అంటే, మేస్త్రిగారూ, మీ ఉలి చప్పుడు మాత్రం తక్కువా అన్నాడు.

చెవి మిషను తగిలించిన రోజు ఆ డాక్టరమ్మ గదిలో మందుల బీరువా తలుపు కిర్రుమంది. ఎన్నో ఏళ్ళ తరవాత నేను విన్న మొదటి కీలు చప్పుడు. ఊరుకోలేక లేచి చూశాను. పై కీలు ఒరిగిపోయింది. జేబులో ఉన్న స్క్రూడ్రైవరుతో అక్కడే బిగించాను. ఆవిడ పరీక్ష కాగితాలు పక్కన పెట్టి, మా గదులన్నిటికీ బీరువాలు కావాలి, చేస్తారా అని అడిగింది. చేస్తానన్నాను. ఒక్కడి వల్ల కాదు కనక మా పాత మేస్త్రి ఇంటికి వెళ్ళాను. బ్లేడు ముక్క తప్పించుకున్న అతనే. ఏడాదిన్నర దాటాక అతని గుమ్మంలో నిలబడి, ఆ రోజు నాకు వినబడలేదు, అందుకే అలా జరిగింది అని చెప్పాను. "నాకు అప్పుడే తెలుసు. మీరు చెబుతారని చూశాను" అన్నాడు. రేపట్నించి వస్తాడు. కోత మిషను అద్దెకి తెస్తాం, దాని దగ్గర అతను ఉంటాడు, చేతిపని నాది.

ఈ ఉత్తరం ఇంకా రాద్దామనుకున్నాను. అల్లుడి మాట నాకు రాసి మంచిపని చేశావు, దాని గురించి ఒక పేజీ ఉంది. కానీ బయట చెక్క బండి వచ్చినట్టుంది. బండివాడు వీధి మొగలోనించే మేస్త్రిగారూ అని కేకేస్తున్నాడు. వాడు రెండోసారి పిలవకముందే వెళ్ళి తలుపు తియ్యాలి.

మీ మామయ్య